రాత్రి పది నుంచి మంచినీళ్లు కూడ వద్దా? ఆపరేషన్ ముందటి ఉపాసం, గోళీలు, మత్తు ముచ్చట

పొద్దుగాల ఆపరేషన్ ఉందంటే మన దిక్కు సర్కారు దవాఖాన అయినా ప్రైవేటు నర్సింగ్ హోమ్ అయినా రాత్రి సిస్టర్ వచ్చి చెప్పే మాట ఒక్కటే, పది దాటినంక ఏం ముట్టొద్దు, మంచినీళ్లు కూడ తాగొద్దు. ఇంటోళ్లు ఇంకింత జాగర్త పడి ఎనిమిదికే ఇంత బువ్వ పెట్టి పండవెడ్తరు. తెల్లారి చూస్తే లిస్టుల మన కేసు నాలుగోది, నడుమ ఒక ఎమర్జెన్సీ సిజేరియన్ వస్తది, ఇంకో కేసు అనుకున్నదానికంటే గంట ఎక్కువ పడ్తది, మన పేషెంటుని ఓటీలకి (ఆపరేషన్ థియేటర్లకి) తీస్కపోయేసరికి పగలు రెండు అయితది. పద్దెనిమిది గంటలు నోట్లె నీటిచుక్క లేదు, అదీ మే నెలల వరంగల్ ఎండలల్ల. అప్పుడు నడుముల సూది ఇస్తే బీపీ దబ్బున పడ్తది, అందరు సూదినే అనుమానిస్తరు గానీ ఎండిపోయిన ఒంటికి కూడ అండ్ల వాటా ఉంటది.

హన్మకొండ కాడ మత్తు డాక్టర్ పని చేస్తున్న నేను. ఆపరేషన్ ముందు ఫిట్‌నెస్ చెకప్ కోసం వచ్చే ఇంటోళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే ఉంటది, "సార్, మత్తిస్తే మళ్ల లేస్తడా?" దీనికి లెక్కల్ల జవాబు చెప్పాలంటే, బ్రిటన్‌ల దేశం మొత్తం దవాఖానల కేసులు జమ చేసి 2023ల చెప్పిన రిపోర్టు ఒకటుంది, ఆపరేషన్ టైంల, దాని చుట్టుపక్కల గంటలల్ల గుండె ఆగుడు సుమారు 3 వేల మందిల ఒకరికి జరిగింది, అండ్ల కూడ ఎక్కువమంది బాగ ముసలోళ్లు, జబ్బు ముదిరినోళ్లు, ఎమర్జెన్సీగ వచ్చినోళ్లు. అది వాళ్ల దేశం లెక్క, మనకి అట్లనే సరిపోతదని చెప్పను. కానీ ఈ పదిహేనేండ్ల రీసెర్చ్ చదివితే నాకు కనపడేది ఏందంటే, ఏ మత్తు ఇచ్చిన్రు అన్నదాని కంటే సూదికి ముందు ఏం తిన్నరు, ఏ గోళీ ఆపిన్రు, ఏం దాచిపెట్టిన్రు, తర్వాత ఎప్పుడు లేపి నడిపించిన్రు అన్నదాంట్లనే తేడా ఎక్కువ వస్తున్నది.

ఉపాసం సంగతి ముందు. మత్తు ఇచ్చినప్పుడు సోయి పోవుడు ఒక్కటే కాదు, దగ్గు, మింగుడు అసొంటి గొంతు రిఫ్లెక్సులు కూడ పోతయి. కడుపుల ఉన్నది పైకొస్తే అడ్డుకునేది ఉండదు, సీదా ఊపిరితిత్తులలకి పోతది, దీన్నే యాస్పిరేషన్ అంటం, ప్రాణం మీదికి వచ్చే పని. 1946ల కర్టిస్ మెండెల్సన్ అనే న్యూయార్క్ డాక్టర్ 44,016 కాన్పుల రికార్డులు తిరగేసి 66 మందికి ఇట్లయిందని రాసిండు, చనిపోయింది ఇద్దరు, ఆ ఇద్దరికీ అడ్డం పడ్డది గట్టి తిండే. అప్పట్ల శ్వాసగొట్టంల ట్యూబ్ వెయ్యకుండ మాస్కుతోనే మత్తు ఇస్తుండిరి. ఆయన రాసింది కాన్పు నొప్పులల్ల ఉన్నోళ్ల గురించి, గట్టి తిండి గురించి. మెల్లమెల్లగ అది ప్రపంచమంతా ప్రతి పేషెంటుకి, ప్రతి ఆపరేషన్‌కి, మంచినీళ్లకి కూడ కలిపి అర్ధరాత్రి నుంచి బంద్ అన్న రూల్ అయి కూసున్నది.

తర్వాత జనం మీద కొలిచి చూస్తే తెలిసింది వేరే. తాగిన మంచినీళ్లల్ల సగం పది ఇరవై నిమిషాలల్లనే కడుపు దాటిపోతయి. అందుకే అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 1999లనే రూల్ మార్చింది, మన ఇండియన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ కూడ 2020ల గదే చెప్పింది: మంచినీళ్ల అసొంటి తేటవి ఆపరేషన్‌కి రెండు గంటల ముందు దాక, తల్లిపాలు నాలుగు గంటలు, తేలిక తిండి, డబ్బాపాలు, బర్రెపాలు ఆరు గంటలు, నూనె, మాంసం ఉన్న తిండి ఎనిమిది గంటలు. పిల్లలకయితే తేట నీళ్లు గంట ముందు దాక ఇయ్యొచ్చని 2022ల యూరప్ వాళ్లు రాసిన్రు, ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పసిపిల్లకి సెలైన్ ఎక్కించనీకి నరం దొరకబట్టుడు ఎంత కష్టమో మా పని చేసేటోళ్లని అడిగితె చెప్తరు. బ్రిటన్‌ల కొన్ని దవాఖానలైతే ఇంకో అడుగు ముందుకేసి ఓటీకి పిలిచేదాక గంటకొక చిన్న గ్లాసు నీళ్లు తాగనిస్తున్నయి.

ఇప్పుడు మన ఇండ్లల్ల లెక్కకి తెద్దాం, ఎందుకంటే పుస్తకాలల్ల యాపిల్ జ్యూస్, బ్లాక్ కాఫీ అని ఉంటయి, మన దగ్గర ఎవలు తాగుతరు అవి. మంచినీళ్లు, గ్లూకోజ్ నీళ్లు, పాలు లేని డికాషన్, గుజ్జు లేని కొబ్బరినీళ్లు, ఇవి తేటవి, రెండు గంటల లెక్క. మన ఛాయ తేటది కాదు, సగం పాలే ఉంటయి కాబట్టి ఆరు గంటలు. మజ్జిగ కూడ అంతే, ఎంత పల్చగ చేసినా. అంబలి, జావ, గటక ఇవన్నీ తిండే, "తాగిన సార్ తినలే" అంటే కుదరదు. ముందురోజు సుట్టాలు వచ్చిన్రని రాత్రి పన్నెండుకి మటన్ కూరతోటి తిన్నోళ్లని పొద్దున ఏడింటికి మొదటి కేసుగ పెట్టుడు కష్టం, ఎనిమిది గంటలు నిండాలె. ఈ ముక్క చాలామంది చెప్పరు, అడగాలె.

మరి రూల్ ఇంత స్పష్టంగ ఉంటే దవాఖానలల్ల ఇంకా రాత్రి పది అని ఎందుకు అంటరు? డాక్టర్లకి తెల్వక కాదు. లిస్టు ఎప్పుడు తారుమారు అయితదో ఎవలకి తెల్వదు, నాలుగోది మొదటిది కావొచ్చు, రెండు గంటల ముందు అంటే ఎప్పటికి రెండు గంటల ముందో వార్డు సిస్టర్‌కి ఎవలు చెప్పాలె? ఆమె దగ్గర నలభై మంచాలు. "నీళ్లు తాగొచ్చు" అంటే మనోళ్లు బిస్కెట్ ముంచుకుని తింటరన్న భయం ఒకటి, అది ఉత్త భయం కూడ కాదు. నా మటుకు నేను చెప్పేది ఏందంటే పొద్దున ఆరింటికి అందరికీ ఒక గ్లాసు నీళ్లు ఇచ్చే ఆర్డర్ వార్డుల రాసిపెడితే చాలు, ఎనిమిదికి మొదలయ్యే లిస్టుకి దాంతోటి నష్టం లేదు, వెనకున్న కేసులకి మళ్ల పదింటికి ఒక ఫోన్ కొడితే అయిపోతది. ఫోన్ కొట్టే మనిషి ఎవలు అన్నకాడనే ఆగుతది అంతా, అది వేరే పంచాయితీ.

రెండు గంటల రూల్ అందరికీ వర్తించదు, ఇది మర్చిపోవద్దు. పేగు అడ్డం పడ్డోళ్లు, నొప్పులల్ల ఉన్న గర్భిణీలు, యాక్సిడెంటయి వచ్చినోళ్లు, ఏండ్ల తరబడి షుగర్ ఉండి కడుపు నరాలు మందగించినోళ్లు, వీళ్ల కడుపు ఎన్ని గంటలైనా ఖాళీ అయిందని నమ్మలేం. ఈ లిస్టులకి కొత్తగ వచ్చి చేరినయి బరువు తగ్గే సూదులు, ఓజెంపిక్, మంజారో, ఇంక గోళీ రూపంల రైబెల్సస్. ఇవి ఆకలి తగ్గించే దారులల్ల ఒకటి కడుపు ఖాళీ అయ్యే వేగం తగ్గించుడు, అంటే రాత్రి తిన్నది పొద్దుగాల కూడ అట్లనే ఉండొచ్చు. 2023 జూన్‌ల అమెరికా సంఘం వారం సూది అయితే వారం ముందు ఆపమన్నది, తీరా 2024 అక్టోబర్‌ల మిగిలిన సంఘాలతోటి కలిసి మాట సడలించింది, చాలామంది ఆపక్కర్లేదు, డోసు పెంచుకుంట పోతున్నోళ్లు, వాంతులు ఉబ్బరం ఉన్నోళ్లతోటి జాగర్త, అసొంటోళ్లకి ముందురోజు మొత్తం ద్రవాహారమే ఇయ్యిన్రి అని. ఇంకా మారొచ్చు. హన్మకొండల కూడ ఈ సూదులు వాడేటోళ్లు కనపడుతున్నరు, కాకపోతే బరువు కోసం వాడుతున్న అని చెప్పుకోనీకి సిగ్గుపడి దాస్తరు, షుగర్ లేని మనిషి కాబట్టి మాకు అనుమానం కూడ రాదు.

అనుమానం వస్తే చూడనీకి ఇప్పుడొక దారి ఉంది, అల్ట్రాసౌండ్ ప్రోబ్ పొట్ట మీద పెట్టి కడుపుల ఏముందో నేరుగ చూసుడు. టొరంటోల అనాహి పెర్లాస్ అనే డాక్టర్, ఆమె టీం దీన్ని బాగ అభివృద్ధి చేసిన్రు, ఖాళీగ ఉందా, తేట నీళ్లున్నయా, గట్టి తిండి ఉందా రెండు నిమిషాలల్ల తెలుస్తది. మన దగ్గర చిక్కు ఎక్కడంటే ఆడపిల్ల భ్రూణహత్యలు ఆపనీకి 1994ల తెచ్చిన చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ మిషనూ రిజిస్టర్ కావాలె, నరాల బ్లాకుల (నొప్పి తెల్వకుండ నరం కాడ మందు ఇచ్చుడు) కోసం ఓటీల పెట్టుకునేది కూడ. చట్టం ఎందుకు అవసరమో మన రాష్ట్రంల ఎవలకీ చెప్పాల్సిన పని లేదు, కానీ చిన్న దవాఖానలు ఈ కాయితాల తిప్పలు పడలేక మిషనే వద్దనుకుంటయి, నష్టపోయేది పేషెంటు.

ఇగ గోళీలు. ఉపాసం కంటే ఎక్కువ గోల్‌మాల్ ఇక్కడ్నే ఉంటది, ఎందుకంటే ఉపాసం అన్నరు కదా అని పొద్దుగాల బీపీ గోళీలు, థైరాయిడ్ గోళీ, ఫిట్స్ గోళీ అన్నీ కట్టకట్టి బంద్ వెడ్తరు, లేకుంటే మర్చిపోవద్దని షుగర్ గోళీలతో సహా అన్నీ మింగి వస్తరు. ఫిట్స్ గోళీ, థైరాయిడ్ గోళీ గుక్కెడు నీళ్లతోటి ఏసుకోవాల్సిందే. అటెనొలాల్, మెటొప్రొలాల్ అసొంటి గుండె వేగం తగ్గించే గోళీలు ముందు నుంచి వాడుతుంటే ఆపొద్దు, అట్లని ఎన్నడూ వాడనోళ్లకి ఆపరేషన్ రోజు కొత్తగ ఎక్కువ డోసుల మొదలు పెట్టొద్దు, 2008ల పోయిజ్ అనే పెద్ద ట్రయల్ 8 వేలకు పైగ మంది మీద చేస్తే హార్ట్ ఎటాకులు తగ్గినయి గానీ పక్షవాతాలు, చావులు పెరిగినయి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ రకం బీపీ గోళీల మీద ఏండ్లకేండ్లు లొల్లి నడిచింది, ఆపాల్నా వద్దా అని. 2024ల ఫ్రాన్స్‌ల 2,222 మంది మీద చేసిన ట్రయల్ల ఆపినోళ్లల్ల, ఆపనోళ్లల్ల తర్వాతి కాంప్లికేషన్లు రెండు వైపులా 22 శాతమే, కాకపోతే ఓటీల బీపీ పడుడు ఆపనోళ్లల్ల 54 శాతం, ఆపినోళ్లల్ల 41 శాతం. అంటే పొరపాటున వేసుకుని వచ్చినందుకు ఆపరేషన్ క్యాన్సిల్ చేసి మనిషిని ఇంటికి పంపే పని లేదు, బీపీ పడితే పట్టుకునే మందులు మా ట్రేల ఉంటయి. నేనయితే ఎండాకాలం, పైంగ స్పైనల్ (నడుముల సూది) అనుకుంటే ఒక రోజు ముందు ఆపమంట, అది నా అలవాటు, ఇంకో డాక్టర్ వేరే చెప్పొచ్చు, ఇద్దరం తప్పు కాదు.

తప్పకుండ ఆపాల్సింది ఒకటుంది, దాని గురించి మాత్రం గట్టిగ చెప్త. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని షుగర్ గోళీలు. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020ల అయిపోయినంక మన దేశంల చవకయింది, ఇప్పుడు గుండెకి, కిడ్నీకి కూడ మంచిదని మస్తుమందికి రాస్తున్నరు, మంచి మందే. ఇది షుగర్‌ని మూత్రంల బయటికి పంపుతది. ఉపాసం ఉండి, ఆపరేషన్ ఒత్తిడి తోడైతే ఒళ్లు కొవ్వు కరిగించుకుని బతికే స్థితిలకి పోతది, రక్తంల కీటోన్ ఆమ్లం పేరుకుంటది. మామూలు షుగర్ పేషెంటుకి ఇట్లయితే గ్లూకోమీటర్ల నాలుగు వందలు చూపిస్తది, అందరు ఉరుకుతరు. ఈ గోళీ మీద ఉన్నోళ్లకి మీటర్ల నూట యాభై, నూట అరవై చూపెడ్తది, షుగర్ బాగనే ఉందనుకుంటం, పేషెంటు మాత్రం దమ్ము తీస్తుంటడు, వాంతులు, కడుపునొప్పి, అది ఆపరేషన్ నొప్పే అనుకుని టైం పోతది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020ల చెప్పింది ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు ఈ గోళీలు ఆపాలె అని. మెట్‌ఫార్మిన్‌తోటి కలిపి ఒకే గోళీగ కూడ వస్తది కాబట్టి పేషెంటుకి తెల్వదు తాను ఇది మింగుతున్నట్టు. గోళీల పట్టీ మీద రంగు చెప్తే సాలదు, పట్టీలే సంచిల వేసుకుని రాండ్రి.

రక్తం పల్చబడే గోళీలు సొంతంగ ఆపుకోవుడు ఇంకో ప్రమాదం, స్టెంట్ వేసుకున్నోళ్లు మరీ. ఏది ఆపాలె, ఎన్ని రోజులు అనేది గుండె డాక్టర్, ఆపరేషన్ డాక్టర్, మత్తు డాక్టర్ ముగ్గురు మాట్లాడుకోవాల్సిన ముచ్చట. మోకాళ్ల నొప్పులకని వాడే పేరు లేని పొడులు, నాటు గోళీలు కూడ చెప్పాలె, అసొంటి వాటిల స్టెరాయిడ్ కలిపి దొరుకుతున్నదన్నది పాత సంగతే, నెలల తరబడి స్టెరాయిడ్ తిన్న ఒళ్లు ఆపరేషన్ దెబ్బకి బీపీ నిలుపుకోలేదు.

దాచేటియి ఇంకా ఉన్నయి. "బాపూ, కల్లు తాగుతవా?" అంటే పక్కన కోడలు ఉన్నది చూసి "ఎప్పుడన్న పండుగకి" అంటడు. మన దగ్గర కల్లు అంటే ఉత్త కల్లే అయితే ఇంత ఫికర్ లేదు, కల్తీ కల్లుల డైజెపామ్, ఆల్ప్రాజొలామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతరని ఎక్సైజ్ కేసులు చూసినోళ్లందరికీ తెలుసు. రోజూ అది పడ్డ మెదడుకి మేం ఇచ్చే మామూలు మత్తు డోసు ఆనదు, అది మొదటి తిప్పల, రెండోది ఇంకా పెద్దది. ఆపరేషన్ అయిన రెండో రోజు, మూడో రోజు మనిషి వణుకుడు, చెమటలు, గోడ మీద ఎవలో ఉన్నరని ఒర్లుడు, ఫిట్స్. ఇంటోళ్లు "మత్తు నెత్తికెక్కింది" అంటరు. ఎక్కింది మత్తు కాదు, దిగింది కల్లు. ముందే తెలిస్తే మందులు మొదలుపెట్టి దీన్ని రాకుండ చెయ్యొచ్చు, అందుకే కోడలిని బయటికి పంపి మళ్ల అడుగుత.

బీడీ, గుట్కా కూడ ఇక్కడ్నే చెప్పి పోత. నాలుగు వారాల ముందు మానితే ఊపిరితిత్తులకి, గాయం మానుడుకి లాభం, ఒక్క రోజు ముందు మానినా రక్తంల కార్బన్ మోనాక్సైడ్ తగ్గి ఆక్సిజన్ బాగ అందుతది. ఆపరేషన్ ముందు దబ్బున మానితే కఫం ఎక్కువయితదన్న పాత భయానికి తర్వాతి లెక్కలల్ల ఆధారం దొరకలే. గుట్కా సంగతి వేరే, అది నమిలి నమిలి దవడ బిగుసుకపోయి నోరు రెండు వేళ్లంత కూడ తెరుచుకోదు, ముప్పై ఏండ్ల పోరగాండ్లకి కూడ. నోరు తెరవకుంటే ట్యూబ్ ఎట్ల వెయ్యాలె? కెమెరా ఉన్న వీడియో లారింగోస్కోపులు వచ్చి మా పని చాలా సులువయింది గానీ ఆ బ్లేడు పట్టేంత సందు కూడ లేకుంటే మనిషి మెలకువల ఉండంగనే ముక్కుల నుంచి సన్న స్కోపు పంపాల్సి వస్తది. అది అన్ని చోట్ల ఉండదు.

ఆసిఫాబాద్, ఉట్నూరు, ములుగు, భద్రాచలం దిక్కు నుంచి వచ్చే గోండు, కోలాం, కోయ బిడ్డలకి ఇంకో మాట. సికిల్ సెల్ అనే పుట్టుకతోటి వచ్చే రక్తజబ్బు ఉన్నోళ్లకి నీళ్లు తగ్గుడు, చలి, ఆక్సిజన్ తగ్గుడు మూడూ విషమే, రక్తకణాలు కొడవలి ఆకారానికి మారి నరాలల్ల ఇరుక్కుంటయి. నేను పైన చెప్పిన పద్దెనిమిది గంటల ఉపాసం, ఓటీ ఏసీ, వీళ్లకి నేరుగ ప్రమాదం. 2013ల ట్యాప్స్ అనే ట్రయల్ల ఆపరేషన్ ముందు రక్తం ఎక్కించనోళ్లల్ల 39 శాతానికి, ఎక్కించినోళ్లల్ల 15 శాతానికి కాంప్లికేషన్లు వచ్చినయి, చిన్న ట్రయలే, డెబ్బై మందే, కానీ తేడా ఎంత పెద్దగ ఉందంటే మధ్యలనే ఆపేసిన్రు. 2023 జూలైల కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ కింద టెస్టు చేసి కార్డులు ఇస్తున్నరు, కార్డు ఉంటే తెచ్చి చూపెట్టాలె, లేకుంటే టెస్టు చేయించుకోవాలె.

ముసలోళ్ల తుంటి బొక్క సంగతికి వస్తే, ఇది నాకు రోజూ తలకాయ నొప్పి. బాత్రూంల జారిపడ్డ అవ్వని తెస్తరు, కొడుకులు, బిడ్డలు, అల్లుండ్లు కూసుని మాట్లాడుకుంటరు, ఎనభై ఏండ్ల మనిషి మత్తు తట్టుకుంటదా, కట్టు కట్టి పండవెడదామా అని. పండవెడితే నిమోనియా, పుండ్లు, కాళ్లల్ల రక్తం గడ్డలు, ఇవి వరుసగ వస్తయి. ఇంకొకటి మా డాక్టర్ల వైపు నుంచి, ఎకో (గుండె స్కాన్) కావాలె, గుండె డాక్టర్ ఒపీనియన్ కావాలె, సోడియం సరిచెయ్యాలె అనుకుంట నాలుగు రోజులు. 2020ల హిప్ అటాక్ అని మన దేశంతో సహా 17 దేశాలల్ల 2,970 మంది మీద చేసిన ట్రయల్ల ఆరు గంటలల్ల ఆపరేషన్ చేసినోళ్లని, ఒక రోజుకి చేసినోళ్లని పోల్చిన్రు. చావులల్ల తేడా రాలే, 9 శాతం, 10 శాతం, కానీ తొందరగ చేసినోళ్లకి మతి తప్పుడు తక్కువ, నడుసుడు, ఇంటికి పోవుడు ముందు. వాళ్ల ఆలస్యం గ్రూపే ఒక రోజు, మనం నాలుగు రోజులు ఆపి సేఫ్టీ కోసం అంటం.

"నడుముకే ఇయ్యిన్రి సార్, పూర్తి మత్తు వద్దు" అంటరు తప్పకుండ. నేను కూడ చాలా ఏండ్లు గదే నమ్మిన అందరిలెక్క, మాకు చదువుల అట్లనే చెప్పిన్రు. 2021ల రీగెయిన్ ట్రయల్ 1,600 మంది తుంటి బొక్క పేషెంట్ల మీద, స్పైనల్ సగం, పూర్తి మత్తు సగం. అరవై రోజులకి చనిపోయినోళ్లు లేకుంటే సొంతంగ నడవలేనోళ్లు 18.5 శాతం, 18 శాతం. 2022ల చైనాల రాగా ట్రయల్ల మతి తప్పుడు చూసిన్రు, స్పైనల్ రకంల 6.2 శాతం, పూర్తి మత్తుల 5.1 శాతం, అక్కడ కూడ తేడా లేదు. అంటే ఏదిచ్చినా పర్వాలేదు అని కాదు, ఊపిరితిత్తులు పాడైన సింగరేణి రిటైర్డ్ కార్మికునికి స్పైనల్ వైపే మొగ్గుత, రక్తం పల్చబడే గోళీ మీద ఉన్నోళ్లకి పూర్తి మత్తు వైపు. కానీ ఆ ఎంపిక కోసం ఇంటోళ్లు గంటలు కొట్లాడుకునుడు దండుగ. ఆ టైంల తుంటి కాడ నరాల బ్లాక్ ఇప్పించమని అడిగితె మేలు, వచ్చిన గంటల ఇస్తే అవ్వకి నొప్పి తగ్గి ఇంత నిద్ర పడ్తది.

మతి తప్పుడు అన్న కదా, డెలీరియం, రాత్రి పూట "నన్నెక్కడికి తెచ్చిన్రు, బర్రెని కట్టేయలే" అనుకుంట సూదులు పీక్కునుడు. మెదడు తరంగాలు చూసుకుంట మత్తు తక్కువిస్తే ఇది తగ్గుతదని ఆశపడ్డరు, 2019ల ఎంగేజెస్ ట్రయల్ల తగ్గలే, అట్ల చూసుకుంట ఇచ్చినోళ్లల్ల 26 శాతం, మామూలుగ ఇచ్చినోళ్లల్ల 23 శాతం. తగ్గించేటివి అన్నీ సాదాసీదా పనులు, అద్దాలు పెట్టుడు, చెవి మిషన్ పెట్టుడు, రాత్రి లైట్లు ఆర్పుడు, నొప్పి తగ్గించుడు, నిద్ర గోళీలు ఇయ్యకపోవుడు, తెలిసిన మొఖం ఒకటి పక్కన ఉండుడు. ఈ చివరిది మన దగ్గర కొదువ లేదు, ఐసీయూ బయట పదిమంది ఉంటరు, అండ్ల ఒక్కరిని లోపల కూసోనిస్తే మందు కంటే బాగ పనిచేస్తది, నిబంధనలు ఒప్పుకోవు అంటరు, నాకైతే ఆ నిబంధన నచ్చదు.

సిజేరియన్ల గురించి రాయకుండ మన దగ్గర మత్తు గురించి రాసినట్టు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల కాన్పులల్ల 60.7 శాతం సిజేరియన్లే, దేశంల అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ, అదే సర్వేల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57.6 శాతానికి రక్తం తక్కువ. ఇంతమందికి నడుముల సూది పడుతుంది కాబట్టే ఊర్లల్ల ఏ నడుము నొప్పికైనా ఆ సూదినే తిడ్తరు. పరిశోధనలల్ల స్పైనల్‌కి, ఏండ్ల తరబడి నడుము నొప్పికి సంబంధం కనపడలే, కాన్పుకి ముందు వంగిన నడుము, బిడ్డని ఎత్తుకునుడు, బలం లేని ఒళ్లు, ఇవే ఎక్కువ. తలనొప్పి మాత్రం నిజం. లేచి కూసుంటే పెరుగుతది, పండుకుంటే తగ్గుతది, ఎందుకంటే సూది పడ్డ రంధ్రం నుంచి వెన్నునీరు కారుతది. పాత రకం సూది మొన కోసుకుంట పోతది, పెన్సిల్ మొన సూది పోగులని పక్కకి జరుపుకుంట పోతది, సైకిల్ ట్యూబుకి మేకు దిగినదానికి, బట్టల అల్లిక సందుల నుంచి సూది దూరినదానికి ఉన్నంత తేడా. 2018ల 110 ట్రయల్స్ కలిపి చూస్తే పాత సూదితోటి 11 శాతానికి తలనొప్పి, కొత్తదానితోటి 4.2. ధర కొంచెం ఎక్కువ, అందుకే అన్ని చోట్ల పెట్టరు, అడిగితె తప్పు లేదు.

ఇంక ఆ "ఇరవై నాలుగు గంటలు తల ఎత్తొద్దు, మెత్త పెట్టుకోవద్దు" అన్న మాట. తల ఎత్తకుండ పండుకుంటే తలనొప్పి రాకుండ ఉంటదనుకున్నరు, 2016ల ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే లాభం ఏం కనపడలే. బిడ్డకి పాలు పట్టలేక, ఒక పక్కకే పడి నడుము పట్టేసి, పాపం బాలెంత అనవసరంగ కష్టపడ్తది. నీళ్లు ఇస్తే కుట్లు చీము పడ్తయని ముసలమ్మలు, "గ్యాస్ పోయిందా?" అని రోజుకి నాలుగు మార్లు అడిగేదాక బువ్వ పెట్టని మా వాళ్లు, ఇద్దరూ ఇక్కడ ఒక్కటే. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ 1990లల మొదలుపెట్టిన పద్ధతి ఉంది, ఈరాస్ అంటరు, ఆపరేషన్ ముందు ఎండబెట్టుడు తక్కువ, తర్వాత తొందరగ తినిపించుడు, గొట్టాలు తొందరగ తీసుడు, అదే రోజు మంచం దించుడు. సిజేరియన్‌కి ఈ లెక్కల గంటల్లనే తాగొచ్చు తినొచ్చు, గ్యాస్ కోసం ఆగే పని లేదు.

లేచి నడవాలంటే నొప్పి తగ్గాలె. అమెరికాల నొప్పి మందులు ఎక్కువిచ్చి జనం వ్యసనపరులయిన్రన్న వార్తలు చదివి మనోళ్లు "నొప్పి సూది వద్దు, అలవాటయితది" అంటరు. మన తిప్పల దానికి ఉల్టా, 1985 మత్తుపదార్థాల చట్టం కాయితాల భయంతోటి చిన్న దవాఖానలల్ల మార్ఫిన్ పెట్టుకునుడే మానేసిన్రు, 2014ల చట్టం సడలించినా అలవాటు మారలే. పారాసిటమాల్ టైం ప్రకారం, వాపు తగ్గే మందు కిడ్నీ చూసుకుని, దాని మీద నరాల బ్లాక్, ఈ మూడు కలిపితేనే చాలా ఆపరేషన్లకి సరిపోతది, "నొప్పి లేస్తే చెప్పు" అనకుండ లేవకముందే ఇయ్యాలె.

మత్తు డాక్టర్ ఓటీల ఏం చేస్తడు, సూది ఇచ్చి ఫోన్ చూసుకుంటడు అని జోకులు నడుస్తయి కాబట్టి ఒక మాట. 1888, 1889లల మన హైదరాబాద్‌లనే నిజాం పైసలతోటి క్లోరోఫారం కమిషన్లు కూసున్నయి, ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ నడిపించిండు, ప్రపంచంల మొదటి ఆడ మత్తు డాక్టర్ అని చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్జీ అక్కడ్నే క్లోరోఫారం ఇస్తుండె. శ్వాస చూసుకోండ్రి, గుండె గురించి ఫికర్ వద్దు అని కమిషన్ తేల్చింది. 1911ల లెవీ అనే లండన్ డాక్టర్ తేలిక క్లోరోఫారం మత్తుల గుండె లయ తప్పి ఆగిపోతదని చూపెట్టేదాక ఆ మాట చాలామంది నమ్మిన్రు. ఇప్పుడు రెండూ చూస్తం, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ 1974ల జపాన్ ఇంజినీర్ టకువో అవొయాగి ఆలోచన, శ్వాసల కార్బన్ డయాక్సైడ్ చూపెట్టే గీత ఇంకొకటి. ఆపరేషన్ సగంల సోయి వస్తదా అన్న భయానికి బ్రిటన్, ఐర్లాండ్ లెక్క 19 వేల మందిల ఒకరు, 2014 రిపోర్టుల. స్పైనల్ల మాటలు వినపడ్తయి, అది మామూలే, సోయి వచ్చుడు కాదు.

ఆఖరికి డిశ్చార్జ్ రోజు. ఆపిన గోళీలు మళ్ల ఎప్పుడు మొదలుపెట్టాలె అన్నది చాలా కాయితాలల్ల రాయరు, "పాత మందులు కంటిన్యూ" అని ఒక్క లైను ఉంటది. డాపాగ్లిఫ్లోజిన్ రకం గోళీ మామూలుగ తిండి తినుడు మొదలైనంకనే, బీపీ గోళీ బీపీ చూసుకుని, రక్తం పల్చబడేది ఎన్నో రోజు నుంచో తారీకుతో సహా రాయించుకోండ్రి. తలనొప్పి లేచి కూసున్నప్పుడల్ల పెరుగుతుంటే, కాళ్లు మొద్దుబారినా మూత్రం రాకపోయినా ఎవలకి ఫోన్ చెయ్యాలె అన్న నంబర్ కూడ అదే కాయితం మీద.